ఆయుధ పూజల పెట్టిన మౌతార్గన్

నా చిన్నప్పటి ముచ్చట్లు మా ఇంట్ల అందరికీ నోటికొచ్చు. జామచెట్టు మీదికెల్లి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నది, లెక్కల పరీక్ష రోజు కడుపునొప్పని దుప్పటి కప్పుకున్నది, అన్నీ మా మనుమరాళ్లు నాకంటె బాగ చెప్తరు. ఒక్కటి మాత్రం నేను ఎవ్వరికీ చెప్పలే. మా ఆయనకు కూడ చెప్పలే, ఆయన పోయి ఆరేండ్లయింది. నాకిప్పుడు అరవై ఏడు. ఇంక ఎవరు కొడతరని భయం? అయినా రాద్దామని కూసుంటె చాలు, పాలు పొంగినయేమో అని లేచి వంటింట్లకు పోయి చూసొస్తున్న. పొయ్యి మీద పాలే లేవు.

చిక్కడపల్లిల మాది పాత ఇల్లు. ఇప్పుడంటే నాలుగంతస్తులు లేపి, పై రెండు హాస్టల్‌కు ఇచ్చినం. ఊళ్లకెల్లి వచ్చి సర్కారు కొలువుల పరీక్షలకు చదివే ఆడపిల్లలుంటరు. అప్పట్ల కింద మేము, మీద మిద్దె, మిద్దె మీద ఒక మూలకు రేకుల గది. ఎండకాలం ఆ గదిల వడియాలేం ఖర్మ, మనిషే ఎండిపోతడు. అందుకే దానికి కిరాయికి వచ్చేటోళ్లు తక్కువ. నేను అయిదో తరగతిల ఉన్నప్పుడు ఒకాయన వచ్చిండు. చేతిల ఒక రేకు పెట్టె, కోటు జేబుల ఒక మౌతార్గన్. ఆయన సంసారం అంతే.

ముప్పై అయిదేండ్లుంటయేమో. సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. నవ్వితె ముందటి పండ్ల మధ్య సందు కనపడేది. మా అమ్మను అక్కా అని పిలిచేటోడు గనుక పిల్లలం ఆయనను మామా అనేటోళ్లం. మా నాయనమ్మ మాత్రం మొదటి రోజే ఏ ఊరు, ఎవరి పిల్లగాడు, ఏమిటోళ్లు అని ఆరా తీసింది. తెల్లారి నుంచి ఆయనకు గిలాస వేరే అయింది. ఆ గిలాస మెట్ల కింద గూట్ల ఉండేది. చాయ్ ఇచ్చేటప్పుడు మా గిన్నె దానికి తగలకుండ, జానెడు పైకెల్లి పోసేది నాయనమ్మ. ఆయన తాగి, తనే కడిగి, మళ్ళ గూట్ల బోర్లిస్తుండె. ఇంట్ల ఎవ్వరికీ అది తప్పనిపించలే. నాకూ అనిపించలే. ఈ సంగతి ముందుగాలనే చెప్తున్న, ఎందుకంటె నేను చేసిన పని ఆకాశంల నుంచి ఊడిపడలే, ఇందులకెల్లే వచ్చింది.

పొద్దుమీకినంక ఆయన ఇస్త్రీ కోటు తొడుక్కుని సికింద్రాబాద్‌కు పోయేటోడు. అక్కడ ఒక పెద్ద హోటల్ల జాజ్ బ్యాండు ఉండేది. పియానో ఒకాయన, బూరలు ఇద్దరు, డ్రమ్ములు ఒకాయన. మౌతార్గన్ మామ ఒక్కడే. రాత్రికి రెండంటె రెండు పాటలే ఆయనకు ఇచ్చేటోళ్లట. మిగిలిన సేపంత చేతులు కట్టుకుని కుర్చీల కూసునుడే. పిల్లలు తిర్నాలల కొనుక్కునే వస్తువుతోని పెద్దమనిషి ఏం వాయిస్తడని వాళ్ల చులకన. మా నాయన కూడ అంతే. మామ మెట్లు దిగుతుంటె, "ఏమయ్యా, పీపీ జేబుల పెట్టుకున్నవా?" అని నవ్వేటోడు. మామ కూడ నవ్వి జేబు తట్టి చూపించేటోడు.

కానీ పొద్దున మిద్దె మీద ఆయన వాయిస్తె వినాలె. అది తిర్నాల పీపీ కాదు. బెత్తెడు పొడుగుండేది, పక్కన ఒక చిన్న మీట. మీట ఒత్తితె స్వరం పక్కకు జరిగేది. ఏడుస్తున్నట్టే మొదలువెట్టి, మధ్యల ఎక్కడనో కొంటెగ నవ్వేది. నేను స్నానం చేసి తల ఆరబెట్టుకునే వంకతోని మిద్దె ఎక్కేదాన్ని. జాజ్ అంటె ఏంది మామా అని ఒకరోజు అడిగిన. "చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు సడక్ మీద పోవచ్చు, గల్లీలల్లకెల్లి పోవచ్చు. గల్లీలల్ల తిరిగి తిరిగి, ఎవ్వరింటి ముందట ఆగాలనిపిస్తె ఆడ ఆగి, ఆఖరుకు నారాయణగూడకే చేరుడు. గదే జాజ్" అన్నడు. నాకు అప్పుడే అర్థమైపోయింది. పెద్దయినంక పెద్ద పెద్ద మాటలు చదివిన గానీ ఇంతకంటె ఏం తెలుసుకోలే.

ఆయన ఒకరోజు, జర నువ్వు కూడ ఊదు పాపా, అని నా ముందట పెట్టిండు. నాకు మస్తు ఆశ. చెయ్యి చాపిన కూడ. అంతల దాని రంధ్రాల అంచుకు తడి మెరిసింది. నేను చెయ్యి వెనుకకు తీసుకున్న. ఆయన రుమాలుతోని తుడిచి మళ్ళ ఇచ్చిండు. అప్పుడు నేను, కడిగినవా మామా, అన్న. ఆయన గొప్పగ చెప్పిండు, దీనికి నీళ్లంటె పడదు, కొని పదేండ్లయింది, ఒక్క చుక్క తగలనియ్యలే అని. పదేండ్లు! ఛీ అన్న. లోపల అనుకునుడు కాదు, పైకే అన్న. "ఎంగిలి" అని కూడ అన్న. ఆయన మొఖం ఒక్క ఘడియ తెల్లబోయింది. ఆ తర్వాత నవ్వి, అవు పాపా, ఊదేదంటె ఎంగిలే మరి, అని జేబుల వేసుకున్నడు. మళ్ళ ఎన్నడూ ఊదమని అడగలే.

ఏడాది తిరిగింది. దసరాకు నాలుగు రోజుల ముందు మామ మెట్లు రెండేసి దుంకుకుంట దిగొచ్చిండు. బొంబాయి నుంచి ఒక బ్యాండు పెద్దాయన హైదరాబాద్ వస్తుండట. ఎవరో చెప్పంగ మామ గురించి విన్నడట. దసరా నాడు హోటల్‌కు సెలవు గనుక, మీ గదికే వచ్చి వింట అన్నడట. నచ్చితె తన బ్యాండుల తీసుకుంటడు. పది రోజులల్ల వాళ్లు ఊరూరు తిరుగుడు మొదలువెడతరు, దాని వెనుక రికార్డులు. రెండు పాటలు కాదక్కా, రాత్రంత నా మౌతార్గనే ముందట ఉంటది, అని మా అమ్మకు చెప్పిండు. ఇరవై ఏండ్ల నుంచి నేను మౌతార్గన్ జేబుల పెట్టుకుని తిరుగుతున్న, ఇప్పుడు ఒకడు వినడానికి వస్తుండు అన్నడు.

మా అమ్మకు మనసు కరిగింది. ఆయుధ పూజల నీ వాద్యం కూడ పెట్టు తమ్మీ, మంచి జరుగుతది, అన్నది. మా ఇంట్ల దసరా ముందటి రోజు నాయన సైకిలు, అమ్మ కుట్టుమిషన్, కత్తిపీట, మా పుస్తకాలు అన్నీ కడిగి, తుడిచి, బొట్లు పెట్టి పూజ చేసేటోళ్లం. పూజల పెట్టినవి మళ్ళ దసరా పొద్దుగాల ఉద్వాసన చెప్పేదాక ముట్టొద్దు. నాయనమ్మ మూతి ముడిచింది. నోట్లె పెట్టుకునేది దేవుని కాడనా అని గొణిగింది. కానీ పండుగ పూట గొడవెందుకని ఊరుకున్నది. మామ పూజ నాడు పొద్దున వచ్చి, మౌతార్గన్‌ను కొత్త రుమాలుల చుట్టి అమ్మకు ఇచ్చి, బట్టతోని తుడిస్తె చాలక్కా, నీళ్లు మాత్రం తగలనియ్యొద్దు, అన్నడు. అమ్మ చేతులకు పిండి ఉంటె దాన్ని నాకు ఇచ్చింది. ఆ మాట నేను నా చెవులతోని విన్న. అందుకే తెలియక చేసిన అనే మాట నాకు లేదు.

పెరట్ల బాయికాడ ఎవ్వరూ లేరు. రుమాలు విప్పిన. నా చేతులల్ల అది మెరుస్తున్నది. ఏడాది నుంచి నాకు ఒక్కటే కోరిక, ఒక్కసారి ఊదాలె. కానీ నోరు దాని దగ్గరికి పోతలేదు. పదేండ్ల ఎంగిలి గుర్తుకొస్తున్నది. ఆయన నోరు, ఆయన పండ్ల సందు, మెట్ల కింద గిలాస, అన్నీ ఒక్కసారి కండ్ల ముందట తిరిగినయి. అయ్యో అనిపించాల్సింది నాకు, ఛీ అనిపించింది. ఇత్తడి చెంబులు తోమే చింతపండు అక్కడనే ఉంది. బూడిద ఉంది. కాగుల నీళ్లు సలసల మరుగుతున్నయి. నీళ్లంటె పడదన్నది ఉత్త బద్ధకం మాట అనుకున్న. మా ఇంట్ల వెండి బంగారాలే చింతపండుతోని కడుగుతరు, ఇదేమన్న వాటికంటె గొప్పదా?

పీచు పెట్టి రాసిన. ప్రతి రంధ్రంల చీపురుపుల్ల పెట్టి తిప్పిన. మరిగే నీళ్లల్ల ముంచి, తీసి, మళ్ళ ముంచిన. మూడు సార్లు. తడి చీర పిండినట్టు విదిలించిన. అందుల నుంచి తోలు ముక్కల లెక్క సన్నగ ఏవో రాలి బండ మీద పడ్డయి. అదే మైల అనుకుని కాలితోని మోరీలకు తోసిన. అప్పుడు ఊదిన. బుడబుడమని నీళ్లు, వాటి నడుమ ఒక్క స్వరం సన్నగ వచ్చింది. ఎంత సంబురపడ్డనో! నేనూ వాయించిన అనుకున్న. మళ్ళ తుడిచి, పీట మీద నా లెక్కల పుస్తకం పక్కన పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టిన. మీట ఒత్తి చూద్దామనుకుంటె అప్పటికే అది బిగుసుకుంటున్నది. తడికి అట్లనే ఉంటది, తెల్లారేసరికి ఆరుతది అనుకున్న.

అదైతే ఆరలే. పీట మీద దీపం పక్కన ఆ రోజంత, ఆ రాత్రంత ఉన్నది. నేను దారిన పోతు వస్తు చూస్తునే ఉన్న. ముట్టుడు లేదు గద, పూజల ఉన్నది. దాని సందులల్ల ఉన్న చెక్క నీళ్లు తాగి ఉబ్బుతున్నదని నాకేం తెలుసు? అందుల ఒక చెక్క ఉన్నదనే నాకు తెల్వదు.

దసరా పొద్దున మామ తలస్నానం చేసి, తెల్ల అంగీ వేసుకుని వచ్చిండు. నాయన ఉద్వాసన చెప్పి, వాద్యాన్ని ఆయన చేతికి ఇచ్చిండు. మామ దాన్ని కండ్లకు అద్దుకుని, నోటికాడ పెట్టుకుని ఊదిండు. మొదటి స్వరం రాలే. రెండోది రాలే. మీట ఒత్తిండు, కదలలే. ఆయన దాన్ని మూతికాడనే పెట్టుకుని ఆగిపోయిండు. ముక్కుకు చింతపండు వాసన తగిలి ఉంటది. మెల్లగ తల ఎత్తి ఇల్లంత చూసి, దర్వాజ వెనుక నిలబడ్డ నన్ను చూసిండు. నేను తలుపు రెక్క పట్టుకున్న. ఇప్పుడు చెప్తడు, ఇప్పుడు నాయన చెయ్యి లేస్తది అని కండ్లు మూసుకున్న.

ఏమైంది తమ్మీ అని అమ్మ అడిగింది. "ఏం లేదక్కా. నిన్న మీకు ఇయ్యనీకి తెస్తుంటె నా చేతులకెల్లి బకెట్ల పడ్డది. పండుగ పూట ఎందుకని చెప్పలే" అన్నడు.

మా నాయన పకపక నవ్విండు. "పీపీకి కూడ తలంటు పోసినవా!" అన్నడు. నాయనమ్మ ఊరుకుంటదా, బువ్వ పెట్టే వస్తువును గట్లనేనా పట్టుకునేది, సోయి ఉండాలె మనిషికి, అని పండుగ పూట ఆ మనిషిని నిలబెట్టి తిట్టింది. అమ్మ ఒక్కతే అయ్యో అయ్యో అన్నది. మామ తల వంచుకుని అన్నీ పడ్డడు. నేను దర్వాజ వెనుక నుంచి అంతా విన్న. ఒక్క మాట అంటె అయిపోయేది. నాయన రెండు పీకేటోడు, అంతకంటె ఏం చేసేటోడు? ఆ రెండు దెబ్బలకు భయపడి నేను నోరు మూసుకున్న. భయమొక్కటే కాదు, ఉన్నమాట చెప్పాలె. ఆయన చెప్పిన అబద్ధం నాకు హాయిగ అనిపించింది. అమ్మయ్య, తప్పించుకున్న అనిపించింది.

కాసేపయినంక మామ మిద్దె మీది నుంచి నన్ను పిలిచిండు. పోతె, ఆయన చాప మీద మౌతార్గన్‌ను విప్పి పెట్టుకుని కూసున్నడు. సైకిల్ దుకాణం నుంచి మర్లు విప్పే సన్న పేచ్‌కస్ తెచ్చుకున్నడు. మర్లు పోకుండ ఈ పళ్లెంల పట్టుకో పాపా అన్నడు. అంతే. ఇంకేం అడగలే. నేను పళ్లెం పట్టుకుని ఎదురుంగ కూసున్న. అప్పుడు చూసిన దాని కడుపు. నడుమ చెక్క ఉబ్బి, సన్నగ పగిలింది. దాని మీద ఇత్తడి రేకు, రేకు మీద వెంట్రుక సందుతోని ఇత్తడి నాలుకలు. ఒక్కొక్క నాలుకకు గాలి పోకుండ పల్చటి తోలు రెక్క అంటించి ఉండాలెనట. సగం రెక్కలు లేవు. అవి ఎక్కడ పోయినయో నాకు తెలుసు. మోరీల ఉన్నయి.

ఆయన పని చేసుకుంటనే తన కథ చెప్పుకొచ్చిండు. నాయన కాజీపేటల రైలింజన్ల బొగ్గేసేటోడట. అదే రైల్వే క్వార్టర్లల్ల ఒక ముసలి దొర గార్డు ఉండేటోడట, ఆయన డ్యూటీ దిగినంక మెట్ల మీద కూసుని వాయించేటోడట. ఈయన ఎదురుంగ రోడ్డు మీద నిలబడి వినేటోడట. దొర ఒకరోజు పిలిచి, తన దాన్నే తుడవకుండ ఈయన నోటికి అందించిండట. ఎనిమిదేండ్ల పిల్లగాన్ని, నన్ను అప్పటిదాక ఎవ్వరూ తమ గడప ఎక్కనియ్యలే, ఆయన తన నోట్ల దాన్ని తీసి నా నోట్ల పెట్టిండు అన్నడు. అది చెప్తు ఆయన నా దిక్కు చూడలే, చెక్క పగులుకు మైనం పూస్తునే ఉన్నడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. పళ్లెంల మర్లు గలగలమన్నయి. పళ్లెం కింద పెట్టుకో పాపా, అన్నడు.

ఆయన అడిగితె చెప్దామనుకున్న. ఆయన అడగలే. అడగకుంటె చెప్పొచ్చు, చెప్పలే. ఎండ నడినెత్తికి వచ్చిందాక అక్కడ కూసుని, ఒక్కొక్క మర అందిస్తునే ఉన్న.

సాయంత్రం అయిదింటికి బొంబాయి పెద్దాయన వచ్చిండు. అమ్మ నన్ను చాయ్ ఇచ్చి పంపింది. నేను గది బయట గోడకు ఆనుకుని నిలబడ్డ. మామ ముందే చెప్పిండు ఆయనకు, వాద్యం నీళ్లల్ల పడ్డది, సగమే పలుకుతది అని. ఉన్నదాంతోనే వినిపియ్యి అన్నడు ఆయన. మామ మొదలువెట్టిండు. నాకు ఆ పాట బాగ తెలుసు, పొద్దున పూట వినీ వినీ. ఎక్కడెక్కడ స్వరం పోయిందో కూడ తెలుసు, ఎందుకంటె పోగొట్టింది నేనే. ఆ జాగ దగ్గరికి వస్తుంటె నా ఊపిరి ఆగుతుండె. ఆయన అక్కడిదాక వచ్చి, పక్కకు మళ్ళి, ఇంకో దిక్కుకెల్లి పోతుండె. ఒకచోట స్వరాలే లేవు, ఆడ చెప్పుకాలితోని నేల మీద తాళమేసిండు. ఇంకోచోట వట్టి గాలే ఊదిండు, ఊపిరి సప్పుడే పాటయింది. పది నిమిషాలకు బొంబాయి పెద్దాయన లేచి నిలబడ్డడు. కమాల్ హై, కమాల్ హై, అని మామను కావలించుకున్నడు. నాకు ఏడుపొచ్చింది. దేవుడా, బతికిచ్చినవు అనుకున్న.

అప్పుడాయన మౌతార్గన్‌ను చేతులకు తీసుకుని మీట ఒత్తి చూసిండు. ఇంకొకటి ఉన్నదా అని అడిగిండు. లేదు. ఇసుంటిది ఈ దేశంల దొరకదు, ఓడల రావాలె, నెలలు పడుతది. వాళ్లు పోయేది ఇంకో ఆరు రోజులల్ల. నీకోసం ఆగుదామంటె టికెట్లు అమ్ముడయినయి, దీనితోని బ్యాండు మధ్యల నిలబడలేవు, నీకూ తెలుసు గద భాయ్, అన్నడు ఆయన. నాకు తెలుసు, అన్నడు మామ. నారాయణగూడ చౌరస్తాదాక ఆయనను సాగనంపి, రిక్షా ఎక్కిచ్చి వచ్చిండు. ఆ ఏడు ఆ బ్యాండు అకార్డియన్ వాయించే మనిషిని తీసుకున్నదని తర్వాత తెలిసింది.

మళ్ళ ఆయనకు అసుంటి పిలుపు రాలే. కొత్త మౌతార్గన్ వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. అప్పటిదాక హోటల్ల ఆయన కుర్చీ కూడ తీసేసిన్రు. తర్వాత తర్వాత హోటళ్లల్ల జాజే బందయింది. పెండ్లిళ్ల బ్యాండ్లల్ల సినిమా పాటలు వాయించిండు. నారాయణగూడల ఒక వాద్యాల దుకాణంల హార్మోనియాలు బాగుచేసిండు. పెండ్లి చేసుకుని కవాడిగూడకు మారిండు. పిల్లలకు పాఠాలు చెప్పిండు, పైసలిచ్చినోళ్లకూ ఇయ్యనోళ్లకూ. నా పెండ్లిల వచ్చి వాయించిండు కూడ. ఎక్కడ కనపడ్డా, బాగున్నవా పాపా, అనే అనేటోడు. నేనే ఆయనను దూరం నుంచి చూసి రోడ్డు దాటి అటు పక్కకు పోయేదాన్ని. చిన్న పిల్లనైతె అనుకోవచ్చు. నలభై ఏండ్ల వయసుల కూడ కూరగాయల సంచి పట్టుకుని అట్లనే రోడ్డు దాటిన. ఒకసారి ఆటో గుద్దబోయింది.

పోయిన ఏడు ఆయన పోయిండు. తొంభై దాటినయి. అశోక్‌నగర్ల ఒక చిన్న హాల్ల ఆయన శిష్యులు సంతాప సభ పెట్టిన్రు. ముందటి వరుసల తెల్లజుట్టు శిష్యులు, వెనుక వరుసల బడి పిల్లలు, అందరి చేతులల్ల మౌతార్గన్లే. సార్ మొదట కిరాయికున్న ఇంటి అమ్మగారు రెండు మాటలు మాట్లాడతరు అని నన్ను పిలిచిన్రు. మైకు ముందట నిలబడంగనే నాకేం తోచలే. ఏం చెప్పాలె? నోరు తెరిస్తె బకెట్ ముచ్చట వచ్చింది. బొంబాయి నుంచి పెద్దాయన వచ్చే రోజున సార్ మౌతార్గన్‌ను బకెట్ల వేసుకున్నడు, మా నాయన పీపీకి తలంటు పోసినవా అన్నడు, అయినా సార్ సగం స్వరాలతోనే ఎట్ల వాయించిండో చూడాలె అని చెప్పిన. అందరు నవ్విన్రు, చప్పట్లు కొట్టిన్రు. నన్ను కాపాడనీకి ఆయన ఆడిన అబద్ధాన్ని, ఆయన ఫోటో ముందట నిలబడి, నలుగురిని నవ్వియ్యనీకి వాడుకున్న. అరవై ఆరేండ్ల ముసల్దాన్ని. థూ, నా బతుకు!

సభ అయినంక ఆయన బిడ్డ నా దగ్గరికి వచ్చింది. ఆమెకూ యాభై దగ్గరుంటయి. బకెట్ ముచ్చట మా బాపు మాకెన్నడూ చెప్పలే ఆంటీ, అన్నది. ప్రతి దసరాకు ఇంకోటి చెప్పేటోడట. "మా ఓనరోళ్ల పాప దాన్ని దేవుని ముందట పెట్టాలెనని శుద్ధిగ స్నానం చేయించి, బొట్టు పెట్టింది. పిల్లకు తెల్వదు నీళ్లు తగలొద్దని. లోకమంత నా బాజాను ఆటబొమ్మ అన్నది, దాన్ని దేవున్ని చేసింది ఆ పిల్ల ఒక్కతే. ఆ బొట్టు ముందట బొంబాయి ఎంత?" అనేటోడట. ఆ పాప మీరే గద ఆంటీ, అని అడిగింది.

నేనే, అన్న. ఆమె అందరి ముందట వంగి నా కాళ్లకు మొక్కింది.

వద్దమ్మా వద్దమ్మా అని ఆమె భుజాలు పట్టుకుని లేపిన గానీ, ఎందుకు వద్దో చెప్పలే. ఇంటికొచ్చి రాత్రంత కూసున్న. ఆయన నిజంగ అట్లనే నమ్మిండా? నీళ్లు తగలనియ్యొద్దని మా అమ్మకు చెప్తున్నప్పుడు నేను పక్కనే ఉన్న, ఆయనకు తెల్వదా? ఎంగిలి అని నేను ఛీ అన్నప్పుడు ఆయన మొఖం తెల్లబోలేదా? తెలిసే, నన్ను మంచిదాన్ని చేసి, ప్రతి దసరాకు పిల్లలకు చెప్పుకుని, ఆఖరుకు తను కూడ నమ్మిండేమో. నమ్మకుంటె ఆయన పోగొట్టుకున్నది ఓ పిల్ల అసహ్యానికి పోయినట్టయితది. నమ్మితె భక్తికి పోయినట్టయితది. మనిషి ఏదో ఒకటి పట్టుకుని బతకాలె గద.

మొన్న ఆ బిడ్డ ఫోన్ చేసింది. ఈ దసరాకు బాపు బాజాను పూజల పెడుతున్నం, మీరే వచ్చి బొట్టు పెట్టాలె ఆంటీ అన్నది. వస్త బిడ్డా అన్న. ఫోన్ పెట్టేసినంక నా చేతులు చూసుకున్న. నేను కడిగింది భక్తితోని కాదమ్మా. మీ నాయన నోరు తాకిందని అసహ్యపడి కడిగిన. ఆ మాట నీ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు, అందుకే ఇదంత కూసుని రాసిన. పండుగకు ముందే ఈ కాగితాలు నీకు పంపిస్త. చదివినంక కూడ రమ్మంటె వస్త. రమ్మనకుంటె, నీది తప్పు కాదు.